ప్రింటు వేయించుకున్న దుస్తులను ఉతకడం, ఆరవేయడం, ఇస్త్రీ చేయడం ఎలా?

కాలేజీ ఫెస్టుకో, చిన్నపిల్లల మొదటి పుట్టినరోజుకో, పెళ్లికి ముందు జరిగే పసుపు వేడుకకో, వీధి క్రికెట్ జట్టుకో పేర్లూ బొమ్మలూ వేయించి టీషర్టులు కుట్టించుకోవడం ఇప్పుడు మన ఊళ్లలో మామూలు విషయమైపోయింది. పదీ ఇరవై టీషర్టులకు కూడా ప్రింటు వేసిచ్చే దుకాణాలు మండల కేంద్రాల్లో సైతం కనిపిస్తున్నాయి. అయితే వేయించినంత శ్రద్ధగా వాటిని ఉతకడం మనకు ఇంకా అలవాటు కాలేదు. బట్ట నిక్షేపంలా ఉంటుంది, దాని మీది పేరు మాత్రం ఆరు నెలలకే పగుళ్లిచ్చి పెచ్చులుగా ఊడిపోతుంది. దీనికి కారణం ఒక్కటే. మనం బట్టను చూసి ఉతుకుతాం, ప్రింటును చూసి ఉతకం. నూలు బట్ట వేడి నీళ్లకూ, బండ దెబ్బలకూ, ఎర్రటి ఎండకూ ఓర్చుకుంటుంది. దాని మీద పరిచిన సిరాకు, ఫిల్ముకు, జిగురుకు ఆ ఓర్పు లేదు. కాబట్టి టీషర్టు చేతికి రాగానే తెలుసుకోవలసిన మొదటి సంగతి దాని మీది ప్రింటు ఏ పద్ధతిలో వేసినదన్నదే.

ప్రింటు రకాన్ని గుర్తుపట్టడం

దుకాణదారుణ్ణి అడిగితే సగం పని అయిపోతుంది. అడిగే వీలు లేనప్పుడు వేలితో తడిమి, కొంచెం సాగదీసి, లోపలి వైపు తిప్పి చూసి చాలావరకు తేల్చుకోవచ్చు.

ఎక్కువ సంఖ్యలో వేయించిన టీషర్టుల మీద ఉండేది సాధారణంగా స్క్రీన్ ప్రింటు, అంటే సన్నని జాలీ తెర గుండా సిరాను బట్ట మీదికి దించే పద్ధతి. ఇందులో వాడే సిరాల్లో ప్లాస్టిసాల్ అనేది బాగా ప్రచారంలో ఉన్నది. పేరులోనే ఉన్నట్టు ఇది ప్లాస్టిక్ సిరా. పీవీసీ పొడిని, దాన్ని మెత్తగా ఉంచే ఒక నూనెలాంటి ద్రవంలో కలిపి తయారు చేస్తారు. ఇది నూలుపోగులోకి ఇంకదు. పోగుల చుట్టూ అల్లుకుని, సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడికి గట్టిపడి, బట్టకు పైన ఒక పొరగా నిలబడుతుంది. వేలితో తడిమితే రబ్బరు తాకినట్టు ఉంటుంది, అంచు దగ్గర చిన్న మెట్టు తగులుతుంది. స్క్రీన్ ప్రింటులోనే నీటి ఆధారిత సిరాతో వేసే పద్ధతి మరొకటి ఉంది. ఆ సిరా బట్టలోకి ఇంకుతుంది కాబట్టి కళ్లు మూసుకుని తడిమితే ప్రింటు ఎక్కడుందో తెలియనంత మెత్తగా ఉంటుంది. ప్లాస్టిసాల్ పాడైతే పగులుతుంది, నీటి సిరా పాడైతే వెలుస్తుంది. ఉతికేటప్పుడు దేని నుంచి కాపాడాలో ఈ తేడాయే చెబుతుంది.

ఒకటి రెండు టీషర్టులు మాత్రమే వేయించుకున్నవారికి ఎక్కువగా దొరికేది డీటీఎఫ్. బొమ్మను మొదట ఒక ఫిల్ము మీద ముద్రించి, దాని మీద వేడికి కరిగే జిగురు పొడి చల్లి, ఆ ఫిల్మును హీట్ ప్రెస్ యంత్రంతో బట్టకు అతికిస్తారు. ఫొటోలాగా అన్ని రంగులూ వస్తాయి కానీ, తడిమితే పల్చని ప్లాస్టిక్ కాగితం అంటించినట్టు తెలుస్తుంది. జెర్సీల వెనుక పేర్లకూ అంకెలకూ వాడే వినైల్ కూడా ఇదే కుటుంబానికి చెందినది, కాకపోతే అక్కడ రంగు ఫిల్మునే అక్షరాల ఆకారంలో కత్తిరించి అతికిస్తారు. రెంటికీ ప్రాణం జిగురులోనే ఉంది. వేడితో అతికినది వేడికే మెత్తబడుతుందన్న మాటను గుర్తుంచుకుంటే, వీటి విషయంలో మిగిలిన జాగ్రత్తలన్నీ వాటంతట అవే తోస్తాయి.

కాగితం మీద ముద్రించినట్టే నేరుగా బట్ట మీద ముద్రించే యంత్రాలతో వేసే ప్రింటును డీటీజీ అంటారు. ముదురు రంగు బట్ట మీద వేయాలంటే ముందుగా ఒక ద్రావణం చల్లి, తెల్ల సిరాను అడుగున పరిచి, ఆపైన రంగులు వేస్తారు. ఇక క్రీడా జెర్సీల మీద ఒంటి నిండా ఉండే డిజైన్లు చాలావరకు సబ్లిమేషన్ పద్ధతివి. సుమారు 200 డిగ్రీల వేడికి రంగు ఆవిరిగా మారి పాలిస్టర్ పోగులోకే చొరబడుతుంది. అక్కడ పైపొర అంటూ ఏదీ ఉండదు కాబట్టి పగలడం, ఊడడం అనే సమస్యే లేదు. ఉతకడానికి అన్నింటికన్నా తేలికైనది ఇదే. అయితే ఇది పాలిస్టర్ మీద మాత్రమే నిలుస్తుంది. నూలు టీషర్టు మీద సబ్లిమేషన్ వేసిస్తామని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

మెరుపుపొడి చల్లినవి, బంగారు రేకు అతికించినవి, ఉబ్బెత్తుగా పొంగినవి కూడా ఉంటాయి. వీటిని యంత్రంలో వేయకుండా చేత్తో మాత్రమే, అదీ ప్రింటును రుద్దకుండా ఉతకాలి. అంతకు మించి చెప్పుకోవలసింది లేదు.

మొదటి ఉతుకు

కొత్త టీషర్టును తెచ్చిన రోజే ఉతకకూడదు. డీటీఎఫ్, వినైల్ ప్రింట్లలో జిగురు పూర్తిగా పట్టుకోవడానికి కనీసం 24 గంటల సమయం ఇవ్వాలి. డీటీజీ టీషర్టు మీద బొమ్మ చుట్టూ లేత చతురస్రపు మరకలాంటిది కనిపించినా, పుల్లటి వాసన వచ్చినా కంగారు పడనక్కరలేదు. అది ప్రింటుకు ముందు చల్లిన ద్రావణం మిగిలిపోవడం వల్ల వచ్చేది, సాధారణంగా మొదటి ఉతుకులో పోతుంది.

ముదురు ఎరుపు, నలుపు, నీలం రంగు నూలు బట్టలు మొదటి రెండు మూడు ఉతుకుల్లో రంగు వదలడం సహజం. అద్దకంలో పోగుకు పట్టుకోకుండా మిగిలిపోయిన రంగే అలా బయటికి వస్తుంది. తెల్లని చేతి రుమాలును తడిపి, టీషర్టు లోపలి కుట్టు దగ్గర గట్టిగా రుద్ది చూస్తే ఎంత రంగు దిగుతుందో తెలిసిపోతుంది. రుమాలుకు రంగు అంటితే ఆ టీషర్టును కొన్నాళ్లు విడిగా ఉతకడమే మార్గం. మన ఇళ్లలో పెద్దలు రాళ్ల ఉప్పు కలిపిన నీళ్లలో కొత్త బట్టను నానబెట్టమని చెబుతుంటారు. అద్దకం వేసేటప్పుడు రంగు పోగులోకి ఎక్కడానికి ఉప్పు తోడ్పడే మాట నిజమే గానీ, అద్దకం అయిపోయిన బట్టను ఉప్పు నీటిలో ముంచితే కొత్తగా ఒరిగేదేమీ లేదు. ప్రింటుకైతే దానితో అసలు సంబంధమే లేదు.

ఉతికే తీరు

టీషర్టును తిరగేయడంతో పని మొదలుపెట్టాలి. లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పితే ప్రింటు లోపలికి పోతుంది, రాపిడి అంతా బట్టకే తగులుతుంది. చెమట, జిడ్డు పట్టేది కూడా లోపలి వైపే కాబట్టి మురికి వదలడానికీ ఇదే మంచిది. జీన్సు ప్యాంట్ల గుండీలు, జిప్పులు, జాకెట్ల హుక్కులు ప్రింటును ఎంత గీరేస్తాయో చాలామంది గమనించరు. వాటితో కలిపి యంత్రంలో వేయక తప్పకపోతే టీషర్టును జాలీ సంచిలో పెట్టి వేయాలి.

నీళ్లు చల్లగా ఉండాలి. మన వాతావరణంలో కుళాయి నీళ్లే చాలు. చలికాలంలోనూ వేడి నీళ్లు కలపవలసిన పని లేదు. ముందు నుంచి తలుపు తెరిచే వాషింగ్ మెషీన్లలో మాత్రం ఒక చిక్కు ఉంది. వాటిలో నీటిని వేడి చేసే ఏర్పాటు ఉంటుంది, కాటన్ అనే ప్రోగ్రాము ఎంచుకోగానే అది తనంతట తానే 40 డిగ్రీలో 60 డిగ్రీలో తీసుకుంటుంది. నూలు టీషర్టే కదా అని ఆ మీట నొక్కడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. ప్రింటు ఉన్నవాటికి ఆ వేడిని 30 డిగ్రీలకు తగ్గించాలి, లేదా వేడి లేకుండా పెట్టుకోవాలి. వేడి నీటి వల్ల వచ్చే మరో నష్టం కంటికి వెంటనే కనిపిస్తుంది. నూలు అల్లిక కుంచించుకుపోతుంది, దాని మీది ప్లాస్టిక్ పొర కుంచించుకోదు. అందుకే వేడి నీళ్లలో ఉతికిన టీషర్టుకు బొమ్మ చుట్టూ కుచ్చుళ్లు పెట్టినట్టు ముడతలు తేలుతాయి, ఇస్త్రీ చేసినా అవి పూర్తిగా పోవు.

డిటర్జెంటు పొడి వాడేవారు దాన్ని ముందుగా బకెట్టు నీటిలో పూర్తిగా కరిగించి, ఆ తరువాతే టీషర్టును ముంచాలి. తడి బట్ట మీద పొడి చల్లి రుద్దే అలవాటు ఉంటే మానుకోవడం మంచిది. కరగని పలుకులు ప్రింటు మీద ఇసుకలా పనిచేస్తాయి, నల్ల బట్ట మీద తెల్లని మచ్చలు వదులుతాయి. ద్రవ రూపంలో దొరికే డిటర్జెంటు అయితే ఈ బాధ లేదు. నురగ ఎక్కువ వస్తే మురికి ఎక్కువ పోతుందన్నది అపోహ మాత్రమే. సరిగా జాడించని సబ్బు ప్రింటు అంచుల కింద చేరి, ఆరాక అక్కడ బిరుసుగా తయారవుతుంది. కుంకుడుకాయ రసం కూడా సున్నితంగా మురికి తీస్తుంది. ముదురు రంగు టీషర్టులకు అది నిస్సందేహంగా వాడవచ్చు. తెల్లవాటికి మాత్రం గోధుమ రంగు ఛాయ మిగలకుండా రెండు మూడు నీళ్లు ఎక్కువ జాడించాలి.

రాత్రి నానబెట్టి పొద్దున ఉతికే పద్ధతి ఈ దుస్తులకు పనికిరాదు. పదిహేను, ఇరవై నిమిషాలు నానితే చాలు. ఎక్కువసేపు నానితే డీటీఎఫ్, వినైల్ అంచుల కిందికి నీరు చేరుతుంది, రంగు వదిలే బట్ట అయితే ఆ రంగు తెల్లని అక్షరాలకు అంటుకుంటుంది. చేత్తో ఉతికేటప్పుడు బండకేసి బాదడం, ప్రింటు మీద బ్రష్షుతో తోమడం రెండూ కూడవు. కాలరు, చంకలు, చేతుల అంచులు మాత్రమే అరచేతిలో పెట్టుకుని రుద్దాలి, మిగిలిన భాగాన్ని సబ్బు నీటిలో నాలుగుసార్లు ఎత్తి ముంచితే సరిపోతుంది. పిండడం దగ్గర కూడా మన చెయ్యి కొంచెం కఠినమే. ఇద్దరు చెరో కొస పట్టుకుని తాడు పేనినట్టు మెలితిప్పితే ప్లాస్టిసాల్ పొరకు పగుళ్లు అక్కడే మొదలవుతాయి. అరచేతుల మధ్య నొక్కి నీరు తీసేయాలి, లేదా పొడి తువ్వాలులో చుట్టి అదమాలి. సెమీ ఆటోమేటిక్ యంత్రం ఉన్నవారు ఉతికే తొట్టిలో కొద్ది నిమిషాలే తిప్పి, నీరు తీయడానికి స్పిన్నరును నిస్సంకోచంగా వాడుకోవచ్చు. చేత్తో మెలితిప్పడం కన్నా అది నయం.

బోరు నీళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీరు దొరకనిచోట 600 వరకు అనుమతిస్తారు. మన రెండు రాష్ట్రాల్లోనూ అంతకు మించిన బోర్లు చాలా ఉన్నాయి. ఇలాంటి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి. నల్ల టీషర్టు నాలుగు ఉతుకులకే బూడిద రంగుకు తిరగడం, ప్రింటు మీద తెల్లని పొడిలాంటి పొర కనిపించడం చాలావరకు దీని పుణ్యమే. జనం దాన్ని రంగు వెలిసిపోవడం అనుకుంటారు. బట్టల సబ్బు బిళ్ల బదులు డిటర్జెంటు వాడితే తెట్టు తగ్గుతుంది. నదీ జలాలు సరఫరా అయ్యే ఊరైతే ఉతకడం బోరు నీటితో చేసినా, చివరి జాడింపు ఒక్కటి ఆ నీటితో కానివ్వాలి.

ఫాబ్రిక్ కండిషనర్ ఈ దుస్తులకు అక్కరలేదు. అది పోగుల మీద జిడ్డు పూతలా నిలిచి నూలుకు మెత్తదనం ఇస్తుంది గానీ, అతికించిన ప్రింట్ల పట్టును సడలించే అవకాశం ఉంది. పాలిస్టర్ జెర్సీలకైతే చెమట పీల్చి ఆరబెట్టే గుణాన్నే తగ్గిస్తుంది.

మరకలు పడినప్పుడు

పసుపు వేడుకకు వేయించిన టీషర్టుల మీద పసుపు పడక తప్పదు. దాని మీద సబ్బు రుద్దగానే మరక ఎర్రబడుతుంది, దాంతో ఏదో అయిపోయిందని హడలిపోయి మరింత రుద్దేస్తారు. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎరుపుకు తిరగడం దాని స్వభావం, బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగుకే వస్తుంది. కర్క్యుమిన్‌కు ఎండ పడదు. మామూలుగా ఉతికిన తరువాత మరక ఉన్న చోటు మాత్రమే ఎండకు కనిపించేలా టీషర్టును మడిచి, ప్రింటు మీద మరో బట్ట కప్పి, కొన్ని గంటలు ఉంచితే మరక చాలావరకు వెలిసిపోతుంది. మిగిలితే తరువాతి ఉతుకులో మళ్లీ అలాగే చేయాలి. రుద్ది వదిలించాలనుకుంటే మాత్రం మరక కన్నా ముందు ప్రింటే వదులుతుంది.

ఆవకాయ నూనె వంటి మరకలకు ముందుగా టాల్కం పౌడరు చల్లి పావుగంట ఉంచి, దులిపేసి, అంట్లు తోమే ద్రవం రెండు చుక్కలు బట్ట లోపలి వైపు నుంచి వేసి వేలితో అద్దాలి. నూనె మరక తీయడానికి కిరోసిన్, పెట్రోలు, రంగులు కలిపే థిన్నర్ వాడేవారు ఇంకా ఉన్నారు. పెన్ను సిరాకు గోళ్ల రంగు తుడిచే ద్రవం వాడేవారూ ఉన్నారు. ఇవన్నీ ప్లాస్టిక్‌ను మెత్తబరిచేవో, కరిగించేవో. ప్రింటు దరిదాపులకు కూడా వీటిని రానివ్వకూడదు. డ్రైక్లీనింగుకు ఇవ్వకూడదనడానికి కారణమూ ఇదే. అక్కడ వాడే ద్రావకాలు ప్లాస్టిసాల్‌ను మెత్తగా ఉంచే ద్రవాన్ని లాగేస్తాయి, ఆపైన ప్రింటు బిరుసెక్కి పగులుతుంది. బ్లీచింగ్ ద్రావణం తెల్ల టీషర్టుకైనా వాడకూడదు, ఎందుకంటే బట్ట తెల్లదైనా దాని మీది బొమ్మకు రంగులున్నాయి. నీలిమందు వేయదలిస్తే బకెట్టు నీటిలో బాగా కలిపిన తరువాతే ముంచాలి. నేరుగా పడిన నీలిమందు చుక్క తెల్లని ప్రింటు మీద అలాగే నిలిచిపోతుంది.

ఎరుపు లేదా మెరూన్ పాలిస్టర్ జెర్సీ మీద తెల్ల అంకెలు క్రమంగా గులాబీ రంగుకు తిరిగాయని చాలామంది ఉతికినవారిని తిడుతుంటారు. పాలిస్టర్‌కు వేసిన రంగు వేడికి ఆవిరై, మీది తెల్ల సిరాలోకి ఎక్కడం వల్ల అలా జరుగుతుంది. ప్రింటు వేసే సమయంలో వేడి ఎక్కువ కావడం, దాన్ని అడ్డుకునే సిరా వాడకపోవడం దీనికి మూలం. ఏ సబ్బూ దాన్ని మళ్లీ తెల్లబరచలేదు.

ఆరవేయడం

డాబా మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరవేస్తే గంటలో ఆరిపోతుంది, నిజమే. ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలు బట్ట రంగునూ నీటి సిరా రంగునూ కలిపి వెలిసేలా చేస్తాయి. తిరగేసిన టీషర్టును తిరగేసినట్టే, గాలి ఆడే నీడలో ఆరవేయడం ఉత్తమం. నీడ దొరక్కపోతే ఉదయపు ఎండ చాలు. రోహిణి కార్తె రోజుల్లో పిట్టగోడ మీద పరచడం అసలే వద్దు. కాలు మోపలేనంతగా కాలిన సిమెంటు మీద ప్రింటు ఆనుకుంటే జిగురు మెత్తబడి దుమ్మూ ఇసుకా దానికి అతుక్కుంటాయి.

దండెం మీద సగానికి వేలాడేస్తే మడత సరిగ్గా బొమ్మ మధ్యలోకి వస్తుంది, నీటి బరువుకు అక్కడే గీత పడుతుంది. కింది అంచుకు క్లిప్పులు పెట్టి తలకిందులుగా వేలాడదీస్తే ఆ గీత పడదు, మెడ దగ్గర అల్లిక సాగిపోదు. దండెం ఇనుప తీగైతే ముందు దాన్ని తుడిచి చూసుకోవాలి, ఎందుకంటే తుప్పు మరకను వదిలించే పుల్లని పదార్థాలన్నీ ప్రింటుకు సరిపడేవి కావు. వానాకాలంలో ఇంట్లో ఫ్యాను కింద ఆరవేసినా ఫరవాలేదు గానీ, చెమ్మ ఉండగానే మడత పెట్టకూడదు. విదేశాల్లో ఉన్న మనవాళ్ల ఇళ్లలో బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ యంత్రం వాడకం ఎక్కువ. వేడి, రాపిడి రెండూ ఒకేసారి తగిలే చోటు అదే. డీటీఎఫ్, వినైల్ టీషర్టులను అందులో వేయకుండా హ్యాంగరుకు తగిలించి ఆరనివ్వాలి. తప్పదనుకుంటే అతి తక్కువ వేడి మీద కొద్దిసేపు తిప్పి, కొంచెం తడి ఉండగానే తీసేయాలి.

ఇస్త్రీ

ఇన్నాళ్లు జాగ్రత్తగా ఉతికిన టీషర్టు ఒక్క నిమిషంలో పాడయ్యేది ఇస్త్రీ దగ్గరే. దుస్తుల లేబుళ్ల మీద ఇస్త్రీ పెట్టె గుర్తులో ఒక చుక్క ఉంటే సుమారు 110 డిగ్రీలు, రెండు చుక్కలుంటే 150, మూడు చుక్కలుంటే 200 డిగ్రీల వరకు వేడి తట్టుకుంటుందని అర్థం. నూలు బట్టకు మూడు చుక్కల వేడి వాడతాం. ప్లాస్టిసాల్ గట్టిపడిందే 160 డిగ్రీల దగ్గర, వినైల్ అతికిందే సుమారు 150 దగ్గర. అంటే నూలుకు తగిన వేడి ప్రింటుకు ఎప్పుడూ ఎక్కువే. నేరుగా పెట్టె ఆనిస్తే సిరా కరిగి ఇస్త్రీ పెట్టెకు పట్టుకుంటుంది, ఆ తరువాత ఇస్త్రీ చేసే తెల్ల చొక్కాకు అంటుకుంటుంది. ఒక టీషర్టుతో రెండు బట్టలు పోతాయి.

టీషర్టును తిరగేసి, తక్కువ వేడి మీద, ఆవిరి లేకుండా లోపలి వైపు నుంచి ఇస్త్రీ చేయాలి. బొమ్మ పెద్దదైతే, లోపల ముందు భాగం ప్రింటు వెనుక భాగం బట్టకు ఆనుకుని ఉంటుంది కాబట్టి, రెండు పొరల మధ్య పల్చని నూలు గుడ్డ ఒకటి పరిచి ఆపైన పెట్టె నడపడం క్షేమం. ఈ ఒక్క గుడ్డ పరచడం చాలామందికి తోచదు. సబ్లిమేషన్ జెర్సీకి ప్రింటు ఊడే భయం లేకపోయినా, ఎక్కువ వేడికి పాలిస్టర్ మెరుపెక్కి గీతలు పడుతుంది, కాబట్టి ఒక చుక్క వేడి దాటకూడదు. అసలు దానికి ఇస్త్రీ అవసరమే తక్కువ.

వీధి చివర ఇస్త్రీ బండికి బట్టలు వేసే ఇళ్లలో మరో మాట గుర్తుంచుకోవాలి. బొగ్గుల పెట్టెకు వేడిని తగ్గించే మీట ఉండదు. ఆ పనివారు అనుభవంతో అంచనా వేస్తారు గానీ, యాభై చొక్కాల మూటలో మన టీషర్టు మీది ప్రింటు ఏ రకానిదో చూసుకునే తీరిక వారికి దొరకదు. టీషర్టును తిరగేసే మూటలో పెట్టి, "అన్నా, ఇది రబ్బరు ప్రింటు, తిప్పకుండా ఇలాగే చెయ్యి" అని ఒక్క మాట చెప్పి ఇస్తే సరిపోతుంది. రబ్బరు ప్రింటు అంటే వారికి వెంటనే అర్థమవుతుంది.

దాచుకోవడం

పూర్తిగా ఆరిన తరువాత ప్రింటు లోపలికి పోయేలా, మడత గీత బొమ్మ మీద పడకుండా మడిచి పెట్టాలి. వీలైతే చుట్టగా చుట్టి పెట్టడం ఇంకా మంచిది. ఒక టీషర్టు ప్రింటు మరో టీషర్టు ప్రింటుకు ముఖాముఖి ఆనుకుని, మీద పట్టుచీరల బరువు పడి, వేసవిలో ఇనుప బీరువాలో నెలల తరబడి ఉంటే రెండూ అతుక్కుంటాయి. లాగితే ఒకదాని రంగు మరోదానికి వస్తుంది. మధ్యలో ఒక తెల్ల కాగితం పెడితే ఈ ప్రమాదం తప్పుతుంది. వార్తాపత్రిక కాగితం మాత్రం పెట్టకూడదు, దాని అచ్చు సిరా ప్రింటుకు అంటుకుంటుంది. కలరా ఉండలకు ప్లాస్టిక్‌ను మెత్తబరిచే గుణం ఉంది కాబట్టి వాటిని గుడ్డలో కట్టి బీరువా మూలన పెట్టాలే తప్ప ప్రింటు మీద పడేయకూడదు.

అంచు లేచినప్పుడు, పగుళ్లు వచ్చినప్పుడు

డీటీఎఫ్ లేదా వినైల్ అక్షరం అంచు కొంచెం లేస్తే దాన్ని గోటితో లాగకుండా ఆ రోజే సరిచేసుకోవాలి. టీషర్టును ఉతికి, పూర్తిగా ఆరనిచ్చి, గట్టి బల్ల మీద నూలు దుప్పటి ఒక్క మడత పరిచి దాని మీద ఉంచాలి. మంచం మీద పరుపు మెత్తగా ఉండి ఒత్తిడి అందదు. లేచిన అంచు మీద బేకింగుకు వాడే పార్చ్‌మెంట్ కాగితం వేసి, రెండు చుక్కల వేడిలో, ఆవిరి ఆపేసి, పెట్టెను కదపకుండా పది, పదిహేను సెకన్లు గట్టిగా అదమాలి. కాగితాన్ని వెంటనే తీయకుండా పూర్తిగా చల్లారాక నెమ్మదిగా ఒలవాలి. మైనం పూసిన కాగితం వాడితే మైనం బట్టకు ఎక్కుతుంది. పాలిస్టర్ జెర్సీ అయితే ఈ పని ఇంట్లో చేయకుండా హీట్ ప్రెస్ ఉన్న దుకాణానికే తీసుకెళ్లడం మేలు. ప్లాస్టిసాల్‌కు వచ్చిన సన్నని పగుళ్లను కూడా ఇదే తీరున వేడి చేసి కొంతవరకు పూడ్చవచ్చు గానీ, పెచ్చు ఊడి కింద బట్ట కనబడుతున్న చోట చేయగలిగింది ఏమీ లేదు.

మొదటి ఉతుకులోనే ప్రింటు పగిలినా, ఊడినా అది ఉతికినవారి తప్పు కాదు. సిరా పొర అడుగు వరకు తగినంత వేడి అందలేదని, లేదా హీట్ ప్రెస్ ఒత్తిడి చాలలేదని అర్థం. సరుకు తీసుకునేటప్పుడే ఒక టీషర్టును పట్టుకుని ప్రింటును రెండు చేతులతో మెల్లగా సాగదీసి చూడాలి. సరిగా ఉడికిన ప్లాస్టిసాల్ బట్టతో పాటు సాగి, వదలగానే మామూలు స్థితికి వస్తుంది. ఉడకనిది ఎండిన బురదలా విచ్చుకుంటుంది. గోటితో గీకి చూసినప్పుడు పొడిగా రాలితే అక్కడే వెనక్కి ఇచ్చేయవచ్చు. యాభై, వంద టీషర్టుల ఆర్డరైతే ముందుగా ఒక్కటి వేయించుకుని, ఇంట్లో నాలుగైదు సార్లు ఉతికి చూశాకే మిగిలినవాటికి ఒప్పుకోవాలి. చాలా దుకాణాలు దీనికి సరేనంటాయి, అనని దుకాణం మీద సందేహం పెట్టుకోవచ్చు. బట్ట బరువును కూడా అడగాలి. చదరపు మీటరుకు 180 గ్రాములు, దుకాణాల భాషలో 180 జీఎస్ఎం, బయోవాష్ చేసిన, అంటే ఎంజైములతో ఉతికి నూగు తీసిన తిరుప్పూరు నూలు అల్లిక దొరికితే పెద్ద ప్రింటుకు అది తగిన ఆధారం. అంతకన్నా బాగా పల్చని బట్ట ప్రతి ఉతుకులోనూ సాగుతూ మీది పొరను తానే చింపేస్తుంది. బిల్లు మీద బట్ట వివరంతో పాటు ప్రింటు పద్ధతి పేరు కూడా రాయించుకుంటే, ఏడాది తరువాత అంచు లేచినప్పుడు దాన్ని ఎంత వేడితో అతికించాలో దుకాణంలో మళ్లీ వెతుక్కోనక్కరలేదు.